నేను కలుపు తీసిన పార్కు

దేవుడు మొదటి మనిషిని చేసి అతనికిచ్చిన మొదటి ఉద్యోగం తోటమాలి పని. ఆ ఉద్యోగం ఎలా ఊడిందో మీకు తెలుసు. తినొద్దన్న పండు తిన్నాడు, తోట బయటికి పంపేశారు. కానీ న్యాయంగా చెప్పుకోవాలి. ఆయన పోయాక కూడా తోట తోటలాగే ఉంది. చెట్లు చెట్ల చోట, గడ్డి గడ్డి చోట ఉన్నాయి. ఆయన తర్వాత అదే వృత్తిలోకి వచ్చిన నేను మాత్రం, ఒంగోలు శివార్లలో, ఒక్క పూటలో, తోటనే లేకుండా చేశాను. అదీ ఒంటరిగా కాదు. ముప్పై ఎనిమిది మంది విశ్వాసుల్ని వెంటబెట్టుకుని, కీర్తనలు పాడుకుంటూ చేశాను.

తొంభైలు ముగియబోతున్న రోజులవి. ఇంటర్ రెండుసార్లు రాసి, రెండుసార్లూ వినయంగా వెనక్కి వచ్చిన నాకు, నిరుద్యోగ యువకులకు పార్కుల పెంపకంలో ఆరు నెలల శిక్షణ ఇస్తారని తెలిసింది. ఆరుగురం చేరాం. శిక్షణ అయ్యాక, ఒంగోలు చివర కొత్తగా కడుతున్న పార్కులో ఒకే ఒక్క ఉద్యోగం ఉంది. మొక్కలకు మాలీ, గేటుకు కాపలా, రెండూ ఒకడే. ఆ ఒకడు ఎవరన్నది మాకు శిక్షణ ఇచ్చే వెంకటరత్నం గారి మాట మీద ఆధారపడి ఉంది.

ఆరుగురమూ ఆయన మాట కోసం ఎదురుచూస్తున్నాం. మా అమ్మ మాత్రం ఎదురుచూడలేదు. విశ్వాసం ఆవగింజంత ఉంటే చాలంటారు. మా అమ్మది గుమ్మడికాయంత. ఒక ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి, కొంగు నెత్తిన సర్దుకుని, "మా సామేలుకి పార్కులో ఉద్యోగమిచ్చిన దేవునికి స్తోత్రం" అని సాక్ష్యం చెప్పేసింది. సంఘమంతా హల్లెలూయ అంది.

"అమ్మా, ఇంకా ఇవ్వలేదే!" అన్నాను బయటికి వచ్చాక.

"ఇస్తాడుగా. ముందే స్తోత్రం చెబితే ఆయనకీ తప్పించుకోను వీలుండదు," అంది. "పార్కు తెరిచిన తర్వాత వచ్చే ఆదివారం కృతజ్ఞత కూడిక. పాస్టరు అయ్యగారికి చెప్పేశా. రెండు వందల మందికి కోడికూర."

చూశారా నా పరిస్థితి? ఉద్యోగం రాకపోతే పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు. నిండు సంఘంలో మా అమ్మ సాక్ష్యం అబద్ధమైపోతుంది. కోళ్ళు వృథాగా ప్రాణాలిస్తాయి.

నాకు లేఖనాల జ్ఞానానికి మాత్రం కొదవ లేదు. పదేళ్ళ వయసులో సండే స్కూల్లో ఒక ఉపమానం మొత్తం తడుముకోకుండా అప్పజెప్పి, పేరు చెక్కిన స్టీలు కంచం గెలుచుకున్నాను. ఏ ఉపమానమో ఇప్పుడు చెప్పను. చెబితే మీరు ఇక్కడే నవ్వడం మొదలుపెడతారు. నా బాధ వినేవాళ్ళుండరు.

శిక్షణలో ఐదో నెలా, ఆరో నెలా నన్ను కొత్తపట్నం పంపారు. సముద్రపు గాలిని ఆపడానికి ఇసుకలో సరుగుడు మొక్కలు పెంచే పని. నల్ల ప్లాస్టిక్ సంచుల్లో మట్టి నింపడం, మొక్క పెట్టడం, నీళ్ళు పోయడం. రెండు నెలలు ఇసుకలో తిని, ఇసుకలో పడుకుని, ఇసుకే దగ్గాను. నేనక్కడ ఉండగా ఒంగోలు పార్కులో మిగిలినవాళ్ళకి ఒక ముఖ్యమైన పాఠం జరిగిపోయింది. అది ఏ పాఠమో నేను అడగలేదు. వాళ్ళూ చెప్పలేదు.

తిరిగొచ్చిన సాయంత్రమే వెంకటరత్నం గారు నన్ను గేటు దగ్గరే పట్టుకున్నారు. ఆయన సన్నగా, పొడుగ్గా, ఊతకర్రకి కట్టిన టమాటా మొక్కలా ఉండేవారు. ఆయన పెంచిన మొక్క వాడిపోతే ఆ పూట అన్నం సహించేది కాదు.

"సామేలూ, ఎల్లుండి పొద్దున కలెక్టర్ మేడం గారు వచ్చి పార్కు తెరుస్తారు. రేపు నేనూ మస్తానూ గుంటూరు పోయి పూలకుండీలు తెస్తాం. మిగతావాళ్ళని సున్నం పనికి పంపించా. ఇక్కడ నువ్వొక్కడివే ఉంటావు. లోపల కలుపు మొక్క ఒక్కటి కనపడకూడదు. తెలిసిందా?"

"మీరు నిశ్చింతగా వెళ్ళిరండి సార్."

"ఓ పదిమందిని కూలికి పెట్టమంటావా?"

"ఎందుకు సార్? కలుపుకి మా సంఘం ఉంది."

ఆయన ముఖం వెలిగింది. "ఇదిరా నాకు కావలసింది. ఈ పార్కుని తనదనుకునే మనిషి," అన్నారు మస్తాన్ వైపు చూసి. మస్తాన్ నాతోపాటు శిక్షణ తీసుకుంటున్న వాడే. వాళ్ళ నాన్న పరుపులు కుట్టేవాడు. మస్తాన్ మాటలు కుట్టేవాడు. ఆ క్షణంలో మాత్రం వాడి ముఖం చూస్తే, ఉద్యోగం నాకే అని ఖాయమైపోయింది.

మర్నాడు తెల్లవారి గేటు తెరిచి లోపలికి అడుగుపెట్టి, గుండె పట్టుకున్నాను.

గరిక!

ఒక మూలో, ఒక గట్టు మీదో కాదు. ఎకరం నేల నిండా గరిక. పచ్చగా, దట్టంగా, సిగ్గు లేకుండా పరుచుకుని ఉంది.

పట్నంలో పుట్టిన పాఠకులకు ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. మా మిరప, పత్తి పొలాల రైతుకి గరిక అంటే మొక్క కాదు, పగ. పైన కోస్తే కింద పెరుగుతుంది. కింద తవ్వితే పక్కన లేస్తుంది. మా నాన్న అంటుండేవాడు, "పాము ఒక్కసారే కరుస్తదిరా, గరిక ఏటేటా కరుస్తది" అని. చేలో గరిక ఉన్న రైతుని ఊళ్ళో పలకరించేవాళ్ళు కూడా పరామర్శించినట్టు పలకరిస్తారు. అలాంటి గరికని ఎవరైనా కొనితెచ్చి, నాటి, నీళ్ళు పెట్టి, చుట్టూ తాడు కట్టి పెంచుతారని మా వంశంలో ఏడు తరాల్లో ఎవరూ కల కూడా కనలేదు.

కానీ నా కళ్ళ ముందు తాడూ ఉంది, నీళ్ళ గొట్టమూ ఉంది. వాటిని చూసి ఏమనుకున్నానో చెప్పమంటారా? 'సోమరిపోతులు! కలుపు తీయలేక తాడు కట్టి దాచారు. పైపెచ్చు నీళ్ళు కూడా వదిలారు' అనుకున్నాను. కంచె చేను మేసిందని సామెత. నేను చేను పీకడానికి కంచె దూకాను.

సైకిలెక్కి మా పల్లెకి పోయాను. సరిగ్గా పత్తిలో రెండో కలుపు అయిపోయి ఆడవాళ్ళు ఖాళీగా ఉన్నారు. మరియమ్మ పిన్ని వాకిట్లో బర్రెకి కుడితి పెడుతోంది. ఆవిడ మా సంఘంలో స్త్రీల సమాజానికి పెద్ద, పొలంలో కలుపు ముఠాకీ పెద్ద. ప్రార్థన మొదలుపెడితే ఆకాశం కిందికి దిగాలి, కలుపు మొదలుపెడితే నేల పైకి తేలాలి. మధ్యలో ఆగడం ఆవిడకి తెలియదు.

"పిన్నీ, నా ఉద్యోగం నీ చేతిలో ఉంది," అన్నాను.

"దేవుని చేతిలో అను. ఏందిరా సంగతి?"

"పార్కంతా గరిక. రేపే మేడం వస్తుంది."

"గరికా!" పిన్ని కుడితి బకెట్ కింద పెట్టింది. "ఎంత?"

"ఎకరం."

"ఓరి నా తండ్రీ! సర్కారోళ్ళకి కళ్ళు లేవంట్రా?" అని, వీధిలోకి తిరిగి ఒక్క కేక పెట్టింది. "ఒసేయ్ రూతమ్మా! సారమ్మా! కలుపు తొళికలు తీసుకుని రండే! సామేలు ఉద్యోగంలో గరిక మొలిచింది!"

పావుగంటలో ముప్పై ఎనిమిది మంది బయల్దేరారు. కూలి మాటెత్తితే పిన్ని కొట్టబోయింది. "మీ అమ్మ సాక్ష్యం చెప్పింది. దాన్ని నిలబెట్టొద్దూ?" అంది.

పార్కులో వరసగా కూర్చున్నారు. పాట ఎత్తుకున్నారు. అయ్యా, ఆ పని చూసి తీరాలి! తొళిక నేలలోకి దిగడం, వేరు పైకి రావడం, మట్టి దులపడం, చరణం పూర్తవడం, అన్నీ ఒక్క తాళంలో. నేను వెనకాల నిలబడి, కోట గోడలు కూలడం చూస్తున్న సేనాపతిలా ఉన్నాను.

మధ్యలో మరియమ్మ పిన్ని పాట ఆపింది. చదువు రాని మనిషే గానీ చూపున్న మనిషి.

"అబ్బాయ్, ఇట్రా. ఈ గరిక వరసల్లో ఉందేందిరా?"

"వరసలా?"

"జానెడుకొకటి లెక్కన. తాడు పట్టి నాటినట్టుంది చూడు. దానంతటది మొలిచిన కలుపు వరసల్లో మొలుస్తదంటరా?"

ఆ ప్రశ్న దేవుడే ఆవిడ నోట పెట్టాడని నాకిప్పుడు తెలుసు. రక్షణ ద్వారం ఆ క్షణంలో బార్లా తెరుచుకుని ఉంది. నేనేం చేశాను? నాకున్న లేఖనాల జ్ఞానమంతా పోగేసి దాన్ని మూసేశాను.

"పిన్నీ, ఇది నాటిన శత్రువు ఎవరనుకున్నావు? సాతాను! వాడు మనలా సోమరి కాదు. వాడి పని ఎప్పుడూ వరసగానే ఉంటుంది," అన్నాను.

"ఆమేన్!" అన్నారు వెనక నుంచి ఇద్దరు ముగ్గురు.

"ఏమోనయ్యా, చదువుకున్నోడివి," అంది పిన్ని. పాట మళ్ళీ అందుకుంది.

పదకొండు గంటలకల్లా అయిపోయింది. మా వైపు ఒక ఆనవాయితీ ఉంది. కలుపు తీసిన మనిషే ఆ గడ్డి మోపు కట్టుకుని ఇంటికి తీసుకుపోతుంది. అది ఆమె హక్కు. పశువు నోటికాడిది. ముప్పై ఎనిమిది మోపులు ముప్పై ఎనిమిది నెత్తుల మీద ఎక్కి, ఊరేగింపుగా గేటు దాటాయి. నేను నేలంతా చదును చేసి, నీళ్ళు చల్లి, చీపురుతో ఊడ్చాను. మిరపకాయలు ఆరబోసే కల్లంలా మెరిసిపోతోంది. మధ్యాహ్నం రెండింటికి కుండీల వ్యాను వచ్చేసరికి గేటు పక్కన చేతులు కట్టుకుని, మెచ్చుకోలు కోసం తల కొంచెం వంచి నిలబడ్డాను.

వెంకటరత్నం గారు దిగారు. లోపలికి చూశారు. బయటికి వెళ్ళి బోర్డు చూసి, తను వచ్చిన పార్కు ఇదేనని నిర్ధారించుకుని, మళ్ళీ లోపలికొచ్చారు.

"సామేలూ... గడ్డేది?"

"పీకించేశాను సార్. ఒక్క పోచ లేదు." ఆయన ఆనందం రెట్టింపు చేద్దామని ఇంకో ముక్క కలిపాను. "వేళ్ళతో సహా!"

ఆయన చేతిలో ఉన్న కుండీ కింద పడింది. ఆయన కూడా దాదాపు దాని పక్కనే కూర్చున్నారు.

మస్తాన్ వ్యాను వెనక నుంచి దూకి వచ్చి, ఒకసారి నేలని, ఒకసారి నన్ను చూశాడు. "ఒరేయ్, మీ దేవుడి మీద ఒట్టేసి చెప్పు. నిజంగా నువ్వే పీకించావా?"

"మేం ఒట్లు వెయ్యకూడదురా."

"వెయ్యకు. పార్కు చూస్తే తెలుస్తానే ఉందిలే."

"అది లాన్‌రా..." వెంకటరత్నం గారి గొంతు బావిలోంచి వచ్చింది. "యాభై రోజులు... పిలక పిలకా తుంచి... జానెడుకొకటి... నా చేత్తో నాటాను. బిడ్డకి స్నానం చేయించినట్టు నీళ్ళు పోశాను. దాంట్లో అక్కడక్కడ తుంగ మొలిచింది, అది ఏరెయ్యమన్నాను. ఏం గడ్డి తిన్నావురా నువ్వు?"

"తిన్నది నేను కాదు సార్..." అని ఆగిపోయాను.

"మరెవరు?"

"గేదెలు, సార్. ఈపాటికి మొదలుపెట్టి ఉంటాయి."

ఆయన టమాటా కర్రలా నిటారుగా లేచారు. "వ్యాను తియ్యండిరా!" అని అరిచారు.

ఆ మధ్యాహ్నం మా పల్లెలో జరిగినటువంటి జప్తు ఏ బ్యాంకువాళ్ళూ చేసి ఉండరు. ఇల్లిల్లూ తిరిగి, గేదెల ముందు నుంచి గడ్డి లాక్కోవడం. సార్ వ్యానులో నిలబడి "వేళ్ళున్నవి చాలు! వేళ్ళున్నవి!" అని అరుస్తున్నారు. నేను గేదెలకి క్షమాపణలు చెప్పుకుంటూ లాగుతున్నాను. రూతమ్మ అత్త తలుపు దగ్గర అడ్డం నిలబడింది.

"ఇచ్చిన గడ్డి వెనక్కి తీసుకుంటారంట్రా? ఎక్కడి మర్యాదరా ఇది?"

"అత్తా, ఇది గడ్డి కాదు, గవర్నమెంటు ఆస్తి."

"పొద్దున శత్రువు నాటాడన్నావుగా?"

శత్రువు నా పక్కనే వ్యానులో నిలబడి ఉన్నారు. అన్నీ విన్నారు.

అన్నిటికన్నా ఘోరం మరియమ్మ పిన్ని బర్రె. ఆఖరి మోపులో ఆఖరి గుప్పెడు దాని నోట్లో సగం, నా చేతిలో సగం. అది లాగింది, నేను లాగాను. మస్తాన్ పక్కన నిలబడి, "వదలకురా, నీ ఉద్యోగం దాని నోట్లో ఉంది!" అని హుషారు చేస్తున్నాడు. గెలిచింది బర్రే.

మొత్తానికి సగం లాన్ దొరికింది. తడి గోనెసంచుల్లో చుట్టి పార్కుకి చేర్చాం. అక్కడ షెడ్డులో కాగితం చుట్టి ఉన్న కొత్త బోర్డు విప్పి చూస్తే, 'పచ్చికపై నడవరాదు' అని రాసి ఉంది. మస్తాన్ దాన్ని ఎత్తి బోడినేల మధ్యలో నిలబెట్టి, "నడవరాదు. దున్నుకోవచ్చు," అన్నాడు.

తెల్లవారి చీకటి విడుతుండగానే ముప్పై ఎనిమిది మందీ మళ్ళీ వచ్చారు. వరినాట్లు వేసిన చేతులే కదా. సార్ పిలక ఎలా తుంచాలో చూపించారు. నేల తడిపి, తాడు పట్టి, జానెడుకొకటి. ఈసారి వరస పట్ల ఎవరికీ అనుమానం రాలేదు.

"నే అడగలా? వరసల్లో ఉందేందిరా అని అడగలా?" అని మరియమ్మ పిన్ని పిలక పిలకకీ ఒకసారి అంటోంది. నేను బురదలో మోకాళ్ళ మీద ఉన్నాను. ప్రార్థనకీ, నాట్లకీ అదే భంగిమ గనక రెండూ కలిపి చేస్తున్నాను.

పదింటికి రావలసిన మేడం గారు ఎనిమిదింటికే దిగారు. జీపులోంచి చూస్తే రిబ్బను లేదు, పూలదండ లేదు. మోకాలి లోతు పని, ముప్పై ఎనిమిది మంది ఆడవాళ్ళు, ఒక బురద మనిషి.

"ఏమిటిది వెంకటరత్నం గారూ?"

ఆయన నోరు తెరిచారు. మస్తాన్ ముందుకు దూకాడు. "శ్రమదానం మేడం! ప్రజలే స్వచ్ఛందంగా..."

ఆ రోజుల్లో శ్రమదానం అంటే ఎంత తప్పునైనా కప్పే దుప్పటి. మేడం ముఖం విప్పారింది. "చాలా బాగుంది," అంటున్నారు. సార్ ఊపిరి తీసుకున్నారు. అంతా సర్దుకుపోయింది. నేను నోరు మూసుకుంటే చాలు. ఉద్యోగం నాది.

కానీ ఏం చెయ్యను? చిన్నప్పటి నుంచి ప్రతి ఆదివారం లేచి నిలబడి తప్పు ఒప్పుకోవడం నేర్చుకున్న వాణ్ణి. కాళ్ళు వాటంతటవే లేచాయి.

"మేడం, అబద్ధం మేడం. నేను పాపిని," అన్నాను.

"ఒరేయ్, కూర్చోరా!" మస్తాన్ పళ్ళ మధ్య నుంచి అన్నాడు.

కూర్చోలేదు. గరిక దగ్గర్నుంచి బర్రె దాకా మొత్తం సాక్ష్యం చెప్పేశాను. వెంకటరత్నం గారు రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. వెనక నుంచి అలవాటు కొద్దీ ఎవరో "స్తోత్రం" అన్నారు.

మేడం భుజాలు కదలడం మొదలైంది. తర్వాత జీపు తలుపు పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు.

"మాదీ పత్తి ఊరేనయ్యా," అన్నారు చివరికి. "మా నాన్న ఇక్కడికి వచ్చుంటే నీకంటే ముందు ఆయనే పీకేవాడు." చెప్పులు విప్పి, చీర కొంచెం ఎత్తి పట్టుకుని దిగి, ఒక పిలక నాటారు. మరియమ్మ పిన్ని ఇంటి నుంచి తెచ్చిన ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. "పాలు భలే చిక్కగా ఉన్నాయే," అన్నారు మేడం.

"మిగతా సగం లాన్ అందులోనే ఉంది," అని మస్తాన్ నా చెవిలో ఊదాడు.

పోతూ పోతూ మేడం సార్ని అడిగారు. "ఈ అబ్బాయి సంగతేమిటి?"

"కష్టజీవే మేడం. అదే భయం."

"నిజం చెప్పేవాణ్ణి వదులుకోవద్దు. కొత్తపట్నం సరుగుడు తోటకి ఎవరూ పోనంటున్నారుగా? అక్కడ వెయ్యండి."

పార్కు ఉద్యోగం మస్తాన్‌కి వచ్చింది. నాకు ఇసుక వచ్చింది. సార్ నా సర్టిఫికెట్ మీద స్వదస్తూరితో రాశారు: 'ఒళ్ళు దాచుకోని మనిషి. గడ్డి ఉన్న చోట వెయ్యరాదు.'

ఏదైతేనేం, మా అమ్మ సాక్ష్యం నిలబడింది. ఆదివారం కృతజ్ఞత కూడికకి రెండు వందల మందీ వచ్చారు. వెంకటరత్నం గారు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. అయ్యగారు ప్రార్థన ముగించగానే మరియమ్మ పిన్ని లేచింది. "భోజనాలకి ముందు మా సామేలు ఆ ఉపమానం చెప్పాలి. చిన్నప్పుడు కంచం గెలిచిందే, అది!" అంది. నాకు పొగడ్త అంటే ఉన్న బలహీనత మీకిప్పటికి తెలిసే ఉంటుంది. లేచాను. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

ఒక యజమాని పొలంలో మంచి విత్తనం వేశాడు. శత్రువు వచ్చి మధ్యలో కలుపు విత్తనాలు చల్లి పోయాడు. పైరుతో పాటు కలుపూ లేచింది. పనివాళ్ళు పరుగున వచ్చి, అయ్యా, పోయి పీకేయమంటారా అని అడిగారు. అప్పుడు ఆ యజమాని...

అక్కడ ఆగిపోయాను.

పదకొండేళ్ళుగా నోటికొచ్చిన ఉపమానం. నిద్రలో లేపి అడిగినా చెప్పే ఉపమానం. దాంట్లో యజమాని ఏమన్నాడో ఆ రోజే మొదటిసారి నా చెవిన పడింది.

"చెప్పరా!" అంది మరియమ్మ పిన్ని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "యజమాని ఏమన్నాడు?"

"...వద్దు, పీకొద్దన్నాడు. కలుపుతో పాటు పైరు కూడా పీకేస్తారన్నాడు," అన్నాను.

చర్చి పైకప్పు లేచిపోయింది. వెంకటరత్నం గారు మా సంఘానికి రావడం అదే మొదలు. అయినా అందరికంటే గట్టిగా "ఆమేన్!" అన్నది ఆయనే.

కొత్తపట్నంలో పనిలో చేరిన మొదటి రోజు, సరుగుడు మొక్కల మధ్య ఇసుక మీద ఊదారంగు పూల తీగ ఒకటి పాకుతూ కనిపించింది. చెయ్యి దానంతటది ముందుకు పోయింది. రెండో చేత్తో దాన్ని పట్టి వెనక్కి లాగాను. ఇసుక ఎగిరిపోకుండా పట్టి ఉంచేది ఆ తీగేనని తర్వాత తెలిసింది.

ఒట్టు వెయ్యను, మాకు వెయ్యకూడదు గనక. కానీ ముప్పై ఎనిమిది మంది సాక్షుల ఎదుట, ఒక బర్రె ఎదుట, గంభీరంగా మాటిస్తున్నాను. పేరు, ఊరు, నాటినవారెవరో కనుక్కోకుండా ఈ జన్మలో ఏ మొక్కనూ పీకను. అది వరసలో నిలబడి ఉంటే అసలు దాని వైపే చూడను.